ఈమ్ గ్రామము – లోపలి నుండి వేసిన కంచె

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవము అనగానే మన గురించి మనము చెప్పుకొంటాము. మొదట ఎవరు బాప్తిస్మము పొందారు, ఏ దేవాలయమునకు ఏ సంవత్సరమున పునాదిరాయి వేశారు, ఏ పాఠశాల ఎవరి చేతుల మీదుగా వెలిసింది అన్న సంగతులను మాకంటె బాగా తెలిసిన పెద్దలు ఈ సభలో చెప్పారు, ఈ సంచికలో వ్రాస్తున్నారు. మాకు అప్పగించిన అంశము "ఒక గ్రామ సంఘము" అన్నది మాత్రమే. ఏ గ్రామమని అడిగితే, మీ ఇష్టమన్నారు. మేము కొద్దిమంది సంఘ సభ్యులము కూర్చుండి ఆలోచించి, మన దేశము కాని ఒక చిన్న పల్లెను ఎన్నుకొన్నాము. మనకు మిషనెరీ దొరలను పంపిన దేశము గురించి ఎంతో విన్నాము గాని, ఆ దేశపు పల్లె ఎలా ఉంటుందో, అక్కడి బీదసాదలు ఎలా బ్రతికారో మనము విన్నది తక్కువ. ఆ ఊరికి మేము వెళ్లలేదు. చదివి తెలుసుకొన్నదే చెబుతున్నాము.

ఆ ఊరి పేరు ఈమ్. ఇంగ్లండు దేశపు నడిమి భాగమున డెర్బీషైర్ అనే జిల్లాలో, పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండ ప్రాంతములో ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము అక్కడి జనము 969 మంది. మన మండలాలలో ఇంతకంటె పెద్ద పల్లెలు ఎన్నో ఉన్నవి. అయినా ఆ దేశమున ఆ ఊరి పేరు తెలియనివారు తక్కువ. ఎందుకో మనవి చేస్తాము.

ఊరు, ఊరి బ్రతుకు

ఈమ్ సున్నపురాతి కొండల మధ్యనున్న ఊరు. ఇండ్లు రాతివి, గోడలు రాతివి, పొలాల గట్లు కూడా రాతివే. నేల లోతైనది కాదు గనుక పంటకంటె గొఱ్ఱెలకు, పశువులకు అనుకూలము. ఆ నేల అడుగున సీసము ఉన్నది. శతాబ్దాల తరబడి ఆ ఊరివారు సగము రైతులు, సగము గని కూలీలు. ఉదయము పశువులను చూచుకొని, తరువాత గనిలోనికి దిగేవారు. సీసము త్రవ్వుకొనుటకు ఎవరికి హక్కు, ఎవరి హద్దు ఎంతవరకు అన్న తగవులు తీర్చుటకు గనివారికి ప్రత్యేకమైన న్యాయసభ ఉండేది. గ్రామ గురువుగారి జీతములో కొంత భాగము కూడా ఆ సీసము మీద వచ్చే దశమభాగమే.

నీటి విషయములో ఆ ఊరు ముందడుగు వేసింది. 1588వ సంవత్సరములోనే కొండ ఊటల నీటిని గొట్టాల ద్వారా తెచ్చి, వీధి ప్రక్కన రాతి తొట్లలో పడేలా ఏర్పాటు చేసుకొన్నారు. ఊరంతటికి ఈ విధముగా నీరు అందించుకొన్న మొదటి పల్లెలలో ఇది ఒకటి అని అంటారు. ఆ తొట్లు కొన్ని నేటికీ ఉన్నవి. కడవ ఎత్తుకొని నీళ్ల కోసము నడచిన మన అమ్మలకు ఆ ఏర్పాటు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఊరి నడుమ పరిశుద్ధ లారెన్స్ దేవాలయము ఉన్నది. దాని ఆవరణలో చెక్కడము పనితో ఒక రాతి సిలువ నిలిచియున్నది. అది 8వ శతాబ్దము నాటిదని పండితుల అభిప్రాయము. పైభాగము కొంత విరిగిపోయినది. అంటే ఇప్పుడున్న దేవాలయము కట్టక పూర్వమే, బహుశా ఆరుబయట ఆ సిలువ దగ్గరే, ఆ కొండజనము ఆరాధనకు కూడియుంటారు. ఈ ఆరుబయలు ఆరాధన సంగతి జ్ఞాపకముంచుకొనండి. మరల దాని దగ్గరకు వస్తాము.

ఒక బట్టల మూట

1665వ సంవత్సరమున లండను నగరములో ప్లేగు తెగులు వచ్చి వేలకొలది జనము చనిపోవుచున్నారు. ఈమ్ అక్కడికి సుమారు 150 మైళ్లు. అంత దూరము నుండి తెగులు నడచి రాలేదు. మూటలో వచ్చింది.

ఆ ఊరిలో అలెగ్జాండర్ హ్యాడ్‌ఫీల్డ్ అనే దర్జీ ఉండేవాడు. అతని దగ్గర జార్జి వికర్స్ అనే పనివాడు ఉన్నాడు. లండను నుండి వచ్చిన బట్టల మూటను విప్పితే, బట్ట చెమ్మగా ఉన్నదట. వికర్స్ దానిని పొయ్యి దగ్గర ఆరవేశాడని చెబుతారు. మూటలో ఉన్న పురుగులు, అనగా ఎలుక మీద బ్రతికే ఫ్లీ పురుగులు, ఆ వేడికి లేచియుంటాయి. కొద్ది దినాలలోనే అతనికి జ్వరము, గజ్జలలో బిళ్లలు. 1665 సెప్టెంబరు 7న అతనిని పాతిపెట్టారు. అదే ఇంటిలోని చిన్న పిల్లవాడు ఎడ్వర్డ్ కూపర్ రెండవ వాడు. తరువాత ప్రక్క ఇల్లు. సంవత్సరాంతానికి 42 మంది చనిపోయారు.

అప్పటికి ఈ రోగము దేనివలన వస్తుందో లోకములో ఎవరికీ తెలియదు. ప్లేగు క్రిమిని యెర్సిన్ అనే వైద్యుడు హాంకాంగులో కనిపెట్టినది 1894లో. ఎలుక మీది పురుగు ద్వారా అది మనుష్యులకు వస్తుందని సీమండ్ అనే మరియొక వైద్యుడు కరాచీలో చూపినది 1898లో. ఈమ్ ప్రజలకు తెలిసినది ఒక్కటే: రోగి దగ్గరకు వెళ్లినవాడు రోగి అవుతున్నాడు.

చలికాలములో చావులు తగ్గినవి. బ్రతికిపోయామనుకొన్నారు. వేసవి రాగానే, 1666 జూన్ నెలలో, తెగులు మరల తల ఎత్తింది. కలవారిలో కొందరు అప్పటికే ఊరు విడిచి వెళ్లారు. మిగిలినవారు కూడా మూటాముల్లె కట్టుకొని బయలుదేరే సమయము. వారు వెళ్తే చుట్టుప్రక్కల ఊళ్లకు, షెఫీల్డ్ వంటి పట్టణాలకు వారితోపాటే చావు వెళ్తుంది.

ఇద్దరు గురువులు

ఆ సమయమున ఊరిలో ఇద్దరు గురువులు ఉన్నారు. ఈ సంగతి మన సంఘములవారు శ్రద్ధగా వినవలెనని మా మనవి.

విలియం మొంపెస్సన్ 1664లో వచ్చిన గురువు. వయస్సు ముప్పదికి లోపే. భార్య క్యాథరీన్, ఇద్దరు చిన్న పిల్లలు. ఆయన రాజు అంగీకరించిన ఆంగ్లికన్ క్రమమునకు చెందినవాడు. ఊరికి కొత్త. ఊరివారు ఆయనను ఇంకా తమవాడు అనుకొనలేదు.

రెండవవాడు థామస్ స్టాన్లీ. 1644 నుండి ఆ సంఘమును కాచినవాడు. ఆయన ప్యూరిటన్. 1662లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము ప్రార్థన గ్రంథమును పూర్తిగా అంగీకరించి సంతకము చేయనివారు గురుత్వము విడిచిపెట్టవలెను. దేశమంతట సుమారు రెండు వేలమంది గురువులు ఆ విధముగా బయట పడ్డారు. స్టాన్లీ కూడా ఆ చట్టమునకు లోబడలేదు. జీతము పోయింది, పీఠము పోయింది. అయినా ఊరు విడువలేదు. జనము హృదయము ఆయన దగ్గరే ఉన్నది.

ఒకరి స్థానములో ఒకరు కూర్చున్న ఇద్దరు గురువులు ఒకే చిన్న ఊరిలో ఉంటే ఏమి జరుగుతుందో మనకు తెలియని సంగతి కాదు. ఒక గుడి రెండు గుంపులు అవుతుంది. కమిటీ ఎన్నికలు వస్తాయి, వకీలు నోటీసులు వస్తాయి. ఈమ్‌లో కూడా వీరిద్దరి మధ్య స్నేహము ఉండుటకు కారణము ఏమియు లేదు.

కాని మొంపెస్సన్‌కు ఒక విషయము అర్థమైంది. తాను చెబితే జనము వినరు. స్టాన్లీ చెబితే వింటారు. ఆయన వెళ్లి స్టాన్లీ సహాయము కోరాడు. స్టాన్లీ, "నన్ను వెళ్లగొట్టినవారి మనిషివి, నీకు నాతో పని ఏమి" అని ముఖము త్రిప్పుకొనలేదు. ఇద్దరు కలిసి సంఘము ముందు నిలువబడ్డారు. ఈమ్ కథలో మాకు అన్నిటికంటె గొప్పగా తోచినది ఈ ఘట్టము.

ముగ్గురు విషయాలు నిర్ణయమైనవని చరిత్ర చెబుతున్నది కాదు, మూడు విషయాలు నిర్ణయమైనవి. మొదటిది: చనిపోయినవారిని దేవాలయ సమాధుల తోటకు తేకుండ ఎవరి పొలములో, ఎవరి దొడ్డిలో వారే త్వరగా పాతిపెట్టుకొనవలెను. రెండవది: దేవాలయము మూసివేసి, కక్లెట్ డెల్ఫ్ అనే పచ్చిక లోయలో ఆరుబయట ఆరాధన జరుపవలెను. కుటుంబానికి కుటుంబానికి మధ్య ఎడము ఉండవలెను. మూడవది: ఊరి చుట్టూ ఒక హద్దు. తెగులు తీరేవరకు లోపలివారు బయటికి పోరాదు, బయటివారు లోపలికి రారాదు.

మూడవ దానికి ఒప్పుకొనుట ఎంత కష్టమో ఆలోచించండి. నిలిచిపోతే చావు అని తెలిసే నిలిచిపోవలెను.

చిరకలో వేసిన నాణెములు

ఊరివారు లోపల ఉండిపోతే తిండి ఎలాగు? కొద్ది మైళ్ల దూరమున చాట్స్‌వర్త్ భవనములో డెవన్‌షైర్ ప్రభువు ఉండేవాడు. ఈమ్ వారు హద్దు దాటకుండ ఉంటే ఆహారము, మందులు పంపుతానని ఆయన మాట ఇచ్చాడు. మాట నిలుపుకొన్నాడు. ఇరుగుపొరుగు ఊళ్లవారు కూడా సరుకులు తెచ్చి హద్దు దగ్గర పెట్టి వెళ్లేవారు.

ఈమ్‌కు స్టోనీ మిడిల్టన్ అనే పొరుగు ఊరికి నడుమ పొలములో ఒక బండరాయి ఉన్నది. దానిలో ఆరు గుంటలు తొలిచియున్నవి. ఆ గుంటలలో వెనిగరు, అనగా మన బైబిలులో చిరక అని వ్రాసినది, పోసి అందులో డబ్బు వేసేవారు. చిరకలో మునిగిన నాణెము రోగము అంటించదని నమ్మకము. కొండ మీద మరియొక చోట పారే ఊటలో నాణెములు ఉంచేవారు. దానికి మొంపెస్సన్ బావి అని నేటికీ పేరు. ఆకలితో చచ్చేవాడు కూడా ఉచితముగా వద్దని వెల చెల్లించాడు. తీసుకొనేవాడికి హాని కలుగకూడదని ఆ వెలను కడిగి మరీ చెల్లించాడు.

ఒక తల్లి, ఒక సమాధులవాడు

1666 ఆగస్టు నెల అన్నిటికంటె ఘోరము. ఆ ఒక్క నెలలోనే 70 మందికి పైగా చనిపోయారు. ఊరికి కొంచెము ఎడముగా రైలీ అనే చోట హ్యాన్‌కాక్ వారి ఇల్లు. ఆగస్టు 3 నుండి 10వ తేదీ లోపల, ఎనిమిది దినాలలో, ఎలిజబెత్ హ్యాన్‌కాక్ తన భర్తను, ఆరుగురు బిడ్డలను పోగొట్టుకొన్నది. సహాయమునకు వచ్చే మనిషి లేడు. తానే గుంటలు త్రవ్వి, తానే ఈడ్చుకొని వెళ్లి పాతిపెట్టింది. కొండ అవతలి నుండి స్టోనీ మిడిల్టన్ వారు చూచి ఏడ్చారు గాని దగ్గరకు రాలేకపోయారని చెబుతారు. ఆ పొలములో రాతి గోడ నడుమ ఏడు సమాధి గుర్తులు ఉన్నవి. ఈ భాగము చదివినప్పుడు మాలో ఒక సహోదరి పుస్తకము మూసి, "ఇక చదువవద్దు" అన్నది.

మార్షల్ హౌ అనే బలమైన గనివాడు ఉన్నాడు. అతనికి ప్లేగు వచ్చి తగ్గింది. ఇక రాదని ధైర్యము. దిక్కులేని శవాలను పాతిపెట్టే పని పెట్టుకొన్నాడు. కూలిగా చనిపోయినవారి సామాను తీసుకొనేవాడు. ఒకసారి ఒకనిని చనిపోయాడనుకొని ఈడ్చుకొని పోతుంటే అతడు కళ్లు తెరచి త్రాగుటకు అడిగాడని, తరువాత చాలాకాలము బ్రతికాడని ఒక కథ. నవ్వు తెప్పించే కథే. కాని ఆ హౌ భార్య, కుమారుడు కూడా తెగులులో పోయారు. అతడు తెచ్చిన బట్టలతోనే రోగము ఇంటికి వచ్చిందని ఊరివారు చెప్పుకొన్నారు. అందరు పరిశుద్ధులతో ఏ ఊరు ఉండదు. హౌ వంటివాడు లేకపోతే ఆ శవాలను ఎవరు పాతిపెట్టేవారు?

గురువుగారి భార్య క్యాథరీన్ పిల్లలను పంపివేసి, తాను మాత్రము భర్త ప్రక్కనే నిలిచింది. రోగుల ఇండ్లకు వెళ్లేది. ఆగస్టు 25న ఆమెను పాతిపెట్టారు. ఆమె సమాధి దేవాలయ ఆవరణలోనే, ఆ పాత సిలువకు దగ్గరలో ఉన్నది.

నవంబరు 1న ఆఖరి మరణము. మొత్తము 76 కుటుంబాలలో సుమారు 260 మంది. ఆ నెలలోనే మొంపెస్సన్ తన బంధువుకు వ్రాసిన ఉత్తరములో ఈ లెక్క చెప్పాడు. పాత పుస్తకాలలో ఊరి జనము 350 అని ఉండేది. ఈ మధ్య పన్నుల పద్దులు చూచినవారు 700 వరకు ఉండవచ్చునంటున్నారు. ఏ లెక్క చూచినా మూడింట ఒక వంతుకు తక్కువ కాదు. చుట్టుప్రక్కల ఊళ్లకు మాత్రము తెగులు ప్రాకలేదు.

మాకు కలిగిన సందేహములు

మేము ఈ కథను మెచ్చుకొని ఊరకుండలేదు. మా మధ్య వాదము జరిగింది. ఆ వాదమును మీ ముందు దాచము.

ఒక సహోదరుడు అడిగాడు: "గురువుగారు తన పిల్లలను పంపించి, ఇతరుల పిల్లలను ఆపుట న్యాయమా?" నిజమే. మొంపెస్సన్ జూన్ నెలలో తన పిల్లలిద్దరిని బయటికి పంపాడు. హద్దు నిర్ణయమునకు ముందే అని కొందరంటారు. ముందైనా, ఆ దారి హ్యాన్‌కాక్ తల్లికి లేదు. ఊరివారు పొలాలలో పూడ్చబడితే ఆయన భార్యకు దేవాలయ ఆవరణలో చోటు దొరికింది. దీనికి మా దగ్గర జవాబు లేదు. నాయకత్వము చేసేవారు పెట్టే బరువులో తమ వంతు ఎంత అని జనము ఎప్పుడూ తూచి చూస్తారు. చూడవలెను కూడా.

మరియొకరు అడిగారు: "అందరిని ఒకచోట ఉంచినందువలననే ఎక్కువమంది చనిపోయారేమో?" ఇదియు త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 2016లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈమ్ రిజిష్టరులోని పేర్లు, తేదీలు, కుటుంబాలు పట్టుకొని లెక్కవేశారు. అక్కడి రోగములో సుమారు ముప్పాతిక భాగము మనిషి నుండి మనిషికి వచ్చినదే, ఎలుకల నుండి వచ్చినది పావు భాగమే అని తేల్చారు. ఒకే ఇంటిలోని వారికి అంటుకొనుట ఎక్కువ అని కూడా కనబడింది. నేటి వైద్యులైతే రోగులను, ఆరోగ్యవంతులను ముందు వేరుచేసేవారు. నాటివారికి ఆ జ్ఞానము లేదు. తెలిసినంతలో చేశారు. వెల మాత్రము పూర్తిగా చెల్లించారు.

మూడవ ప్రశ్న మమ్మును గూర్చినది.

2020 మార్చి నెలాఖరున దేశమంతట రాకపోకలు ఆగినప్పుడు మా ఊరి పొలిమేరలో తుమ్మకంప అడ్డము వేశాము. వంతులు వేసుకొని రాత్రులు కర్రలు పట్టుకొని కాపలా ఉన్నాము. మన రాష్ట్రాలలో ఎన్నో పల్లెలు ఆ విధముగానే చేసినవి. అప్పుడు పట్టణానికి ఇండ్ల పనికి పోయిన మా సంఘపు కుటుంబము ఒకటి కాలినడకన తిరిగి వచ్చింది. భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు. కంప దగ్గర ఆపాము. "అన్నా, మా ఊరికి మేము వచ్చాము, ఎక్కడికి పొమ్మంటారు?" అని అతడు అడిగాడు. మేము పేరు పెట్టి పిలిచే మనిషి. ఆదివారము మా వెనుక వరుసలో కూర్చుండే మనిషి. మూడు రాత్రులు వారు చింతతోపులో పడుకొన్నారు. అన్నము మూటలు కంప మీదుగా అందించాము. ఆపినవారము మేమే, అన్నము అందించినవారమూ మేమే. నాలుగవ దినమున ఆరోగ్య కార్యకర్త వచ్చి చూచి, బడిలో ఉంచమన్నది. వారిలో ఎవరికీ రోగము లేదు.

ఈమ్ వారు కంచె వేశారు, మేమూ వేశాము. వారు తమ లోపలి చావు బయటికి పోకుండ వేశారు. మేము బయటి చావు మా లోపలికి రాకుండ వేశాము. కంప ఒక్కటే, ముండ్లు తిరిగిన వైపు వేరు. మేము చేసినది పూర్తిగా తప్పని కూడా అనలేము. మా ఇండ్లలో ముసలివారు ఉన్నారు, భయము నిజమైనది. కాని ఆ చిన్నపిల్ల చింతచెట్టు క్రింద నుండి మా వైపు చూచిన చూపు మమ్మును విడువలేదు. ఆ కుటుంబము ఇప్పుడు కూడా మా సంఘములోనే ఉన్నది. ఈ మాటలు వారి అనుమతితోనే ఇక్కడ చెబుతున్నాము.

ఇటువంటిది మొంపెస్సన్‌కు కూడా తప్పలేదు. 1670లో ఆయన ఈక్రింగ్ అనే మరియొక ఊరికి గురువుగా వెళ్లాడు. "ప్లేగు ఊరి గురువు" అని అక్కడివారు భయపడి ఊరిలోనికి రానీయలేదని, కొంతకాలము బయట గుడిసెలో ఉండి చెట్టు క్రింద ప్రసంగించాడని చెబుతారు. అప్పటికి తెగులు తగ్గి మూడేండ్లు దాటింది. 2020లో మన దేశములో కూడా ఆసుపత్రిలో సేవచేసి ఇంటికి వచ్చిన డాక్టర్లను, నర్సులను అద్దె ఇంటివారు ఖాళీ చేయమన్న వార్తలు మనము చదివాము.

స్టాన్లీ సంగతి కూడా వినండి. తెగులు తీరిన తరువాత, చట్టము ఒప్పని ఈ గురువును ఊరినుండి పంపివేయవలెనని కొందరు డెవన్‌షైర్ ప్రభువును కోరారట. ఆయన అందుకు సమ్మతింపక, ఇంత చేసినవానికి దేశమే కృతజ్ఞత చూపవలెనని జవాబిచ్చాడని అదే ప్రాంతపు గురువు విలియం బ్యాగ్‌షా తన పుస్తకములో వ్రాశాడు. స్టాన్లీ 1670లో చనిపోయాడు. చివరి వరకు ఈమ్ వాడుగానే ఉన్నాడు.

తరువాతి ఈమ్

ఊరు చచ్చిపోలేదు. 1742లో ఆ గురువుగారి ఇంటిలోనే అన్నా సెవార్డ్ పుట్టింది. ఆమె తండ్రి అక్కడి గురువు. ఆమె తరువాత పేరుపొందిన కవయిత్రి అయినది. సీసము గనులు తగ్గగా పట్టు నేతపని, తరువాత చెప్పుల కార్ఖానాలు వచ్చినవి. 1918లో ఈమ్, స్టోనీ మిడిల్టన్ చెప్పుల పనివారు, వారిలో స్త్రీలు ఎందరో, సంఘము పెట్టుకొనే హక్కు కోసము సమ్మె చేశారు. ఇప్పుడు ఆ కార్ఖానాలు లేవు. చూడవచ్చేవారి మూలముగా కొందరికి బ్రతుకుతెరువు. 1994లో ఊరివారు ఒక ప్రదర్శనశాల తెరిచారు.

1866లో, తెగులు వచ్చి రెండు వందల యేండ్లు నిండిన సందర్భమున, స్మారక ఆరాధన జరిపారు. అది క్రమముగా ప్రతి సంవత్సరపు ఆచారమైనది. ఆగస్టు చివరి ఆదివారము "ప్లేగు ఆదివారము". దేవాలయము నుండి జనము ఊరేగింపుగా కక్లెట్ డెల్ఫ్ లోయకు నడచి వెళ్లి, నాడు నిలిచిన పచ్చిక మీదనే నిలిచి ఆరాధిస్తారు. ఆ రోజులలోనే ఊరి పండుగ కూడా. బావులను అలంకరిస్తారు. కొయ్యపలకలకు తడి బంకమట్టి పట్టించి, దాని మీద పూరేకులు, ఆకులు, గింజలు ఒక్కొక్కటిగా అద్ది బొమ్మలు తీర్చుతారు. మన ఆడపడుచులు ముగ్గుల మీద పూలు పేర్చినట్లే, బతుకమ్మ పేర్చినట్లే అనుకొనవచ్చును. కొద్ది దినాలలో అది ఎండి రాలిపోతుంది. మరుసటి ఏడు మరల చేస్తారు. దుఃఖపు ఆదివారమును, పండుగను ఒకే వారములో పెట్టుకొన్న ఆ ఊరి తెలివి మాకు నచ్చింది.

మనకు ఏమి?

రెండు సంగతులు మనవి చేసి ముగిస్తాము.

ఒకటి. 1662లో విడిపోయిన ఇద్దరి వంశము మనది. మొంపెస్సన్ చెందిన ఆంగ్లికన్ సంఘము నుండి ఒక ప్రక్క, స్టాన్లీ వంటి ప్యూరిటన్ల బాటలో వచ్చిన కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘముల నుండి మరియొక ప్రక్క, మెథడిస్టుల నుండి ఇంకొక ప్రక్క మిషనెరీలు దక్షిణ దేశమునకు వచ్చారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆ సంఘములు దక్షిణ ఇండియా సంఘముగా ఏకమైనవి. ఈమ్‌లో తెగులు భయము చేయించిన పనిని, ఇక్కడ మన పెద్దలు భయము లేకుండ, ఇష్టపూర్వకముగా చేశారు. అటువంటి ఐక్యతను పొందిన మనము నేడు ఒక పాస్టరేటులో రెండు గుంపులుగా ఉండి ఎదురు బొదురు పలుకరించుకొనకపోతే, ఏ ముఖముతో శతవార్షికోత్సవము చేసుకొంటాము? ఒక గుంపువాడు ముందుగా అవతలివాని గడప ఎక్కవలెను. మొంపెస్సన్ ఎక్కాడు.

రెండవది చిన్న పని. ఈమ్ కథ నేడు మనకు తెలియుటకు కారణము, చనిపోయినవారి పేర్లు రిజిష్టరులో వరుసగా ఉండుటయే. దర్జీ పనివాడి పేరు ఉన్నది, గనికూలీ బిడ్డ పేరు ఉన్నది. రాజుల చరిత్రలో లేని పేర్లు అవి. మన దేవాలయములలో కూడా బాప్తిస్మపు, వివాహపు, భూస్థాపన రిజిష్టర్లు ఉన్నవి. గత్తరలో పోయినవారు, మశూచిలో పోయినవారు, కరువులో పోయినవారు, 2021 వేసవిలో పోయిన మనవారు అందులో ఉన్నారు. కొన్నిచోట్ల అవి చెదలు తింటున్నవి, కొన్నిచోట్ల పాత బీరువా మీద వర్షపునీటికి తడుస్తున్నవి. మా పాస్టరేటులోని పాత పుస్తకము ఒకటి తెరిస్తే పుట పుటకు అంటుకొని పొడి అయినది. ఆ పుటలలోని పేర్లు ఇక ఎవరికీ దొరకవు. శతవార్షికోత్సవము పేరిట ప్రతి పాస్టరేటులోను ఇద్దరు యౌవనస్థులను నియమించి, ఆ పేర్లను క్రొత్త పుస్తకములోనికి ఎక్కించి, ఫోటోలు తీయించి భద్రము చేయవలెనని ఈ సభను కోరుచున్నాము. దీనికి పెద్ద చందా అవసరము లేదు. ఓపిక ఉంటే చాలు.

మా ఊరిలో ఆ పని మొదలుపెట్టాము. చింతతోపులో మూడు రాత్రులు పడుకొన్న ఆ కుటుంబపు పెద్దకుమార్తె చేతివ్రాత బాగుంటుంది. ఇప్పుడు పేర్లు ఎక్కిస్తున్నది ఆమెయే.